యంత్రం పోయింది, పేరు మిగిలింది

పేరనేది వస్తువును గుర్తుపట్టడానికి పెట్టుకున్న ఆనవాలు మాత్రమేననీ, అది ఏదైనా ఒకటేననీ వాదించేవాళ్ళు మనలో చాలామంది వున్నారు. మంచి చెడ్డలు వుంటే వస్తువులో వుంటాయి గాని పేరులో వుండవని వారి తర్కం. దీనికి సరిగ్గా ఎదురు మాట చెప్పేవాళ్ళూ వున్నారు. పేరు తప్పయితే ఆలోచన తప్పుతుందనీ, పాత పేర్లన్నీ ఊడ్చిపారేసి కొత్తవి పెట్టుకుంటే తప్ప మనుషులు బాగుపడరనీ వీరంటారు. రెండు వాదాలూ వినడానికి బాగానే వుంటాయి. ఐతే ఏ వాదమైనా నిలుస్తుందో లేదో తేలాలంటే దాన్ని ఒక ఉదాహరణ మీద పెట్టి చూడాలి. ఉదాహరణ ఎంత చిన్నదయితే అంత మంచిది. పెద్ద మాటల చాటున తప్పుకుపోయే వీలుండదు.

నేను తీసుకున్న ఉదాహరణ మూడక్షరాల పేరు: టిటివై.

కంప్యూటరుతో పనిచేసేవాళ్ళలో అధికసంఖ్యాకులు తెర మీది బొమ్మలను నొక్కి పని జరిపించుకుంటారు. కాని యంత్రంతో లోతైన పని వున్నవాళ్ళు, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్ళు, సర్వర్లను కనిపెట్టుకుని వుండేవాళ్ళు, ఈనాటికీ ఒక నల్లటి కిటికీ తెరుచుకుని అందులో ఆజ్ఞలు టైపు చేస్తారు. ఒక పంక్తి ఆజ్ఞ, దాని కింద కొన్ని పంక్తుల జవాబు. ఈ కిటికీకి టెర్మినల్ అని పేరు. యూనిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థల్లో (లైనక్స్ ఈ కుటుంబంలోదే) ప్రతి టెర్మినల్‌కూ మళ్ళీ విడిగా ఒక పేరుంటుంది. ‘టిటివై’ అని టైపు చేస్తే యంత్రం ఆ పేరేమిటో చెబుతుంది. లైనక్స్‌లో నేరుగా యంత్రం ముందు కూర్చుంటే టిటివై1, టిటివై2 అని వరసగా టిటివై63 దాకా వుంటాయి. సీరియల్ తీగ మీద తగిలించిన పరికరం టిటివై‌ఎస్0 అవుతుంది. యుఎస్‌బి తీగ మీదిదైతే టిటివై‌యుఎస్‌బి0. తెర మీద తెరుచుకున్న కిటికీ ఐతే పిటిఎస్/0, పిటిఎస్/1 అని జవాబు వస్తుంది.

మా అన్నగారి అబ్బాయి పదోతరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగులో చేరాడు. వాడు కిందటి సెలవులకు వచ్చినప్పుడు, ‘బాబాయ్, టిటివై అంటే ఏమిటి?’ అని అడిగాడు. వాడు రాసిన చిన్న ప్రోగ్రాము చేత్తో నడిపితే నడుస్తున్నది. రాత్రిపూట దానంతటది నడిచేట్టు పెడితే మాత్రం, ఇది టిటివై కాదు అని చెప్పి ఆగిపోతున్నది. కాలేజీలో అడిగితే, అది అంతేననీ, పరీక్షలో దానికి అర్థం అడగరనీ అన్నారట. క్లాసులో ఇంకెవరూ ఆ సంగతి అడగలేదట. ‘అర్థం కాని పేర్లన్నీ నాకొక్కడికి తప్ప అందరికీ అర్థమవుతున్నట్టే వుంది’ అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు గాని, తప్పు తన బుర్రలోనే వున్నదని వాడు నమ్ముతున్నట్టు నాకు తెలిసింది. ఈ వ్యాసం రాయడానికి కారణం వాడి ప్రశ్న కంటే ఆ నమ్మకం.

వాడికి జవాబు చెప్పడం నాకు కష్టం కాలేదు. ఆ మూడక్షరాల వెనకనున్న యంత్రాన్ని నేను కళ్ళారా చూశాను. వెనకటి పత్రికాఫీసుల్లో పనిచేసినవాళ్ళందరూ చూశారు. మనం దాన్ని టెలిప్రింటర్ అనేవాళ్ళం. ఒక మూల గదిలో రాత్రింబవళ్ళు టకటకా కొట్టుకుంటూ, చుట్టలుగా వున్న కాగితం మీద ఢిల్లీ వార్తలూ, బొంబాయి వార్తలూ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అచ్చొత్తి పడేసేది. ఆ కాగితం చించుకువచ్చి ఉపసంపాదకుడు తెలుగు చేసేవాడు. తెలుగు పాఠకుడు పొద్దున్నే చదివే ప్రపంచమంతా ఆ చుట్టలోంచే వచ్చేది. ఈ యంత్రాలను మన దేశంలోనే తయారుచేయడానికి 1960లో మద్రాసులో హిందూస్థాన్ టెలిప్రింటర్స్ అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది. అమెరికాలో ఈ జాతి యంత్రానికి టెలిటైప్‌రైటర్ అని పేరు. టెలిటైప్ అనేది దాన్ని తయారుచేసే కంపెనీ పేరు కూడా. ఆ మాటను కుదించితే వచ్చింది టిటివై.

ఈ మాట కంప్యూటరులోకి ఎలా వచ్చింది? బెల్ లాబొరేటరీస్ అనే పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, వారి సహచరులు 1969లో యూనిక్స్ నిర్మాణం మొదలుపెట్టారు. ఆనాటి కంప్యూటరుకు ఇప్పటి తెర లేదు. మనిషికీ యంత్రానికీ మధ్య మాటామంతీ నడిపించడానికి వాళ్ళకు దొరికిన చవక సాధనం, తంతి మీద వార్తలు పంపడానికి అప్పటికే వాడుకలో వున్న టెలిటైపే. 1963లో వచ్చిన మోడల్ 33 అనే రకం అప్పట్లో ఎక్కడ చూసినా వుండేది. అది సెకనుకు పది అక్షరాలు కొట్టగలిగేది, అవీ పెద్దక్షరాలే. యూనిక్స్ పద్ధతిలో యంత్రానికి తగిలించిన ప్రతి పరికరానికీ ఒక ఫైలు పేరు వుంటుంది కనక, టెలిటైపుకు టెలిటైపు పేరే పెట్టారు. అందులో గూఢార్థం ఏమీ లేదు. గేదెను గేదె అన్నట్టు, ఎదురుగా వున్న వస్తువును దాని పేరుతోనే పిలిచారు.

ఆ నెమ్మది యంత్రం తన స్వభావాన్ని ఇంకా చాలా పేర్ల మీద రుద్దింది. ఫైళ్ళ జాబితా చూపే ఆజ్ఞ ఎల్‌ఎస్. నకలు తీసేది సిపి, చోటు మార్చేది ఎంవి, చెరిపేసేది ఆర్‌ఎం. కొత్తగా వచ్చినవాడికి ఇవి సంకేత లిపిలాగా కనబడతాయి. గట్టిగా నొక్కవలసిన మీటల మీద, సెకనుకు పది అక్షరాల యంత్రం మీద రోజంతా పనిచేసి చూస్తే, ఒక్కో అక్షరం ఎందుకు కోసుకోవలసి వచ్చిందో తెలుస్తుంది. పంక్తి చివర పడే ఒక గుర్తుకు ‘క్యారేజ్ రిటర్న్’ అని పేరు. అచ్చు గుద్దే తలకాయ పంక్తి మొదటికి తిరిగి రావడమన్నమాట. తిరిగి రావడానికి ఇప్పుడు తలకాయే లేదు, గుర్తు మాత్రం వుంది. ఇక యూనిక్స్‌లో ఒక తప్పు సందేశం వుండేది: టెర్మినల్‌తో మాత్రమే చేయదగిన పనిని మరోదానితో చేయబోతే, ‘ఇది టైపురైటర్ కాదు’ అని యంత్రం ఫిర్యాదు చేసేది. చుట్టుపక్కల టైపురైటరు జాడ కూడా లేని రోజుల్లో ఈ సందేశం చూసి బిత్తరపోయినవాళ్ళు ఎందరో! మా అబ్బాయికి ఎదురైనది దీనికి తమ్ముడే. రాత్రిపూట దానంతటది నడిచే ప్రోగ్రాము ముందు టెర్మినల్ పెట్టుకుని కూర్చున్న మనిషంటూ ఎవరూ వుండరు. ఆ సంగతినే యంత్రం యాభై ఏళ్ళ కిందటి భాషలో చెప్పింది.

మరి యంత్రం పోయిన తర్వాత కూడా దాని పేరును అట్టిపెట్టుకోవడం అసత్యం కాదా? కాదనే నేననుకుంటాను. మనం చదివే పత్రికలో ఆకు లేదు. ‘పత్రం’ అంటే ఆకు. ‘కలం’ అనే మాట రెల్లుపుల్లను సూచించే అరబీ మాట నుంచి వచ్చింది. మన చేతిలోని కలంలో రెల్లు లేదు. ఈ మాటలు వాడే మనల్ని ఎవరూ అబద్ధాలకోరులు అనరు. వస్తువు మారుతూ వచ్చింది గాని అది చేసే పని మారలేదు. పేరు ఆ పనిని పట్టుకుని వుండిపోయింది. టిటివై సంగతీ అంతే. కాగితం పోయి గాజు తెర వచ్చింది, గాజు తెర పోయి కిటికీ వచ్చింది. మనిషి ఒక పంక్తి రాయడం, యంత్రం కొన్ని పంక్తులు బదులివ్వడం అనే పని మాత్రం మారలేదు.

దీనికి మరో భౌతిక కారణం కూడా వుంది. ఒక పేరును నమ్ముకుని వేలాది ప్రోగ్రాములు రాయబడ్డాక, అది పెట్టినవాడి సొంత ఆస్తి కాకుండా పోతుంది. దాన్ని మార్చితే ఎక్కడో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాసిన పని ఆగిపోతుంది. అలాంటి పేరు ఒక ఒప్పందం. ఒప్పందాన్ని మార్చదలచినవాడు, దానివల్ల నష్టపోయేవాళ్ళెవరని ముందుగా విచారించుకోవాలి. ‘పాతది కనక పారేద్దాం’ అనేవాళ్ళు సాధారణంగా ఈ విచారణ చేయరు. ఆ శ్రమ వాళ్ళది కాదు గదా!

ఇంతవరకూ పాత పేరు పక్షాన మాట్లాడాను. ఇక పేర్లు దేన్ని మరిపిస్తాయో కూడా చూడాలి.

టెలిప్రింటరు దగ్గర ఒక మనిషి వుండేవాడు. అవతలి కొసన మీటలు నొక్కే ఆపరేటరు మరొకడు. టిటివైలో యంత్రం పేరు మిగిలింది గాని ఆ మనిషి జాడ లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లీషులో ‘టైపురైటర్’ అంటే యంత్రమూ కావచ్చు, దాని ముందు కూర్చుని పనిచేసే ఆడమనిషీ కావచ్చు. ఒకే మాట ఇద్దరికీ చెల్లేది. ‘కంప్యూటర్’ కథ ఇంకా విచిత్రమైనది. చాలాకాలం పాటు అది ఒక ఉద్యోగం పేరు. లెక్కలు కట్టి జీతం తీసుకునే మనిషిని కంప్యూటర్ అనేవాళ్ళు. అమెరికాలో విమాన పరిశోధన జరిపే లాంగ్లీ కేంద్రంలో నల్లజాతి స్త్రీలను విడిగా కూర్చోబెట్టి లెక్కలు చేయించేవారు. ఆ విభాగానికి పేరు ‘వెస్ట్ ఏరియా కంప్యూటింగ్’. డొరొతీ వాన్ దానికి నాయకురాలుగా పనిచేసింది. కేథరిన్ జాన్సన్ 1953లో అందులో చేరింది. యంత్రం వచ్చి ఆ స్త్రీల పనిని తీసుకున్నది, పనితోపాటు పేరునూ తీసుకున్నది. ఈనాడు కంప్యూటర్ అనే మాట వినగానే మనిషిని తలచుకునేవాడెవడూ లేడు. పరికరంలో ఘనీభవించిన శ్రమ కంటికి కనబడదని మనం అర్థశాస్త్రంలో చదువుకున్నాం. అది భాషలో కూడా ఎలా జరుగుతుందో ఇక్కడ స్పష్టంగా చూడవచ్చు.

ఐనా యూనిక్స్ పేర్ల పద్ధతిలో మనిషి పూర్తిగా చెరిగిపోలేదు. ‘హూ’ అనే ఆజ్ఞ ఒకటి వుంది; ఎవరు అని అర్థం. అది ఒక పక్క మనుషుల పేర్లూ, వాటి కెదురుగా టిటివై పేర్లూ చూపుతుంది. ఒక యంత్రాన్ని పదిమంది ఏకకాలంలో పంచుకునే రోజుల్లో, టిటివై పేరంటే ఒక మనిషి కూర్చున్న స్థానం. తోటివాడి స్థానం తెలిస్తే అతని కాగితం మీదికి నేరుగా కబురు పంపే ఆజ్ఞ కూడా వుండేది. తాము కోరుకున్నది ప్రోగ్రాములు రాయడానికి వీలైన వ్యవస్థ మాత్రమే కాదనీ, దాని చుట్టూ ఒక సహచర బృందం ఏర్పడాలని ఆశించామనీ డెనిస్ రిచీ తర్వాత కాలంలో రాశాడు. ఒక పెద్ద కంపెనీ పరిశోధనాలయంలో పుట్టిన సాధనానికి ఇలాంటి ఆశ వెనక వుండటం గమనించదగ్గ విషయం. ఈనాడు ఒకే మనిషి తన బల్ల ముందు పది కిటికీలు తెరుచుకుంటాడు. పిటిఎస్/0 నుంచి పిటిఎస్/9 దాకా పది స్థానాలుంటాయి, పదింటిలోనూ కూర్చున్నది వాడొక్కడే.

టెర్మినల్ పేర్లలో మరో సమస్య కూడా వుంది. అది నిజాయితీకి సంబంధించినది. కాగితం పోయి గాజు తెరలు వచ్చాక ఒక్కో కంపెనీ టెర్మినల్ ఒక్కో తీరున నడిచేది. తెర తుడవమని చెప్పడానికి ఒకదానికి ఒక సంకేతం, ఇంకొకదానికి ఇంకొకటి. అందువల్ల ఏ టెర్మినల్ ఏ జాతిదో తెలుపుతూ ‘టెర్మ్’ అనే చీటీలో ఒక పేరు రాసిపెట్టే ఏర్పాటు వచ్చింది. ఆ పేరును బట్టి దాని లక్షణాలు వెతుక్కునే పట్టికను బెర్క్‌లీలో బిల్ జాయ్ 1978లో తయారుచేశాడు. దాని తర్వాత వచ్చిన టెర్మిన్‌ఫో అనే పట్టికలో ఇప్పుడు వెయ్యికి పైగా జాతులున్నాయి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి విటి100 అదే సంవత్సరం వచ్చి మిగిలినవాటికి ఒరవడి అయింది. ఆ కంపెనీ 1998లో కాంపాక్ చేతిలోకి పోయినా ఒరవడి పోలేదు. 1984లో ఎక్స్‌టెర్మ్ అనే ప్రోగ్రాము వచ్చి, కిటికీలోనే టెర్మినల్‌ను అనుకరించింది.

ఆ తర్వాత పుట్టిన కిటికీల్లో చాలా భాగం ‘నీదే జాతి?’ అని అడిగితే ‘ఎక్స్‌టెర్మ్’ అనే చెబుతాయి. అవి ఎక్స్‌టెర్మ్‌లు కావు. తమ అసలు పేరు చెప్పుకుంటే దూరాన వున్న సర్వరు పట్టికలో ఆ పేరుండదు. ‘ఈ జాతి టెర్మినల్ నాకు తెలియదు’ అని ప్రోగ్రాము తలుపు మూసేస్తుంది. అలక్రిటీ, కిట్టీ వంటి కొన్ని కిటికీలు తమ పేరును తాము చెప్పుకున్నందుకు ఈ తిరస్కారం అనుభవించాయి. అందువల్ల కొత్తవాడు లోపలికి రావాలంటే పెద్దవాడి పేరు చెప్పుకోవాలి. ఇది అబద్ధమే. ఐతే ఈ అబద్ధానికి బాధ్యులెవరు? చెప్పినవాడా, నిజం చెబితే తలుపు తీయనివాడా? నైతిక ప్రశ్నలను వ్యక్తి గుణదోషాలుగా మాత్రమే చూసేవాళ్ళు మొదటివాణ్ణి తప్పుపడతారు. పట్టికలో పేరుంటేనే ఉనికిని ఒప్పుకునే ఏర్పాటులో తప్పున్నదని నేనంటాను. కొత్త పేర్లను పట్టికలో చేర్చడానికి ఎక్కడో కొందరు జీతం లేకుండా ఓపికగా పనిచేస్తున్నారు. ఈ అబద్ధానికి విరుగుడు వారి పనిలో వుంది. నీతిబోధలో లేదు.

అన్నిటికంటె బరువైన ప్రశ్న ఇంకా మిగిలే వుంది. కిటికీలోని టెర్మినల్ నిజమైన యంత్రం కాదు గనక దానికి రెండు కొసలుంటాయి. ఒక కొస కిటికీని నడిపే ప్రోగ్రాము చేతిలో వుంటుంది. రెండో కొసన ఆజ్ఞలు అందుకునే ప్రోగ్రాము, తన ముందున్నది నిజమైన టెలిటైపే అనుకుని పనిచేస్తుంది. ఈ రెండు కొసలకూ ‘మాస్టర్’, ‘స్లేవ్’ అని పేర్లు పెట్టారు. యజమాని, బానిస! పిటిఎస్‌లో చివరి అక్షరం ఆ బానిసకు గుర్తు. రోజూ పిటిఎస్/0 అని చదివేవాళ్ళలో చాలామందికి ఆ ‘ఎస్’ ఏమిటో తెలియదు.

ఈ పోలిక కంప్యూటరుతో పుట్టినది కాదు. ఒక గడియారం మరో గడియారాన్ని నడిపించే ఏర్పాటును వర్ణిస్తూ కేప్‌టౌన్ వేధశాలలో డేవిడ్ గిల్ 1904లోనే ‘బానిస గడియారం’ అన్నాడు. ఆ ఊళ్ళో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1834లో. మనుషుల్ని బానిసలుగా వుంచడం ఆగిన డెబ్బై ఏళ్ళకు, ఆ మాట ఏ సంకోచమూ లేకుండా యంత్రాల మీదికి ఎక్కింది. అక్కడి నుంచి ఇంజనీర్ల మాటల్లో అనేక చోట్లకు వ్యాపించింది.

‘వస్తువులకు పెట్టిన పేరు మనుషుల్నెందుకు నొప్పిస్తుంది?’ అని అడిగేవాళ్ళున్నారు. పేరు పెట్టేటప్పుడు మన మనసు ఒక పోలికను వెతుక్కుంటుంది. ఒకడు ఆజ్ఞాపించడం, మరొకడు మారు మాటాడకుండా చేయడం అనే సంబంధం కళ్ళ ముందుకు రాగానే యజమాని బానిసలు గుర్తుకు వచ్చారంటే, ఆ సంబంధం సహజమైనదిగా, చెప్పగానే అందరికీ తెలిసిపోయేదిగా ఆ మనసుకు తోచిందన్నమాట. తన ముత్తాతను అమ్మిన కాగితం ఇంట్లో వున్న మనిషికి అది అంత సహజంగా తోచదు. మన పల్లెల్లో కామందు ఇంటి పసివాడు తాత వయసు పాలేరును ‘ఒరే’ అని పిలిచినప్పుడు, ఆ పిలుపు వట్టి గుర్తు మాత్రమేనని పాలేరుతో వాదించి గెలవగలరా? పైగా ఇక్కడ ఆ పేరు తప్పు కూడా. రెండు కొసల మధ్య మాటలు ఇటూ అటూ పోతాయి. ఒకదాని ఉనికి రెండోదాని మీద ఆధారపడి వుంటుంది. టెర్మినల్‌కు వుండవలసిన లక్షణాలన్నీ బానిస అన్న కొసలోనే వున్నాయి. పోలిక క్రూరమైనదే కాక, విషయాన్ని చెప్పడంలో కూడా పనికిమాలినది.

2024లో వెలువడిన పోసిక్స్ ప్రమాణంలో, అంటే యూనిక్స్ జాతి వ్యవస్థలన్నీ పాటించవలసిన ఒప్పంద పత్రంలో, ఈ మాటలు తీసేసి ‘మేనేజర్’, ‘సబ్సిడియరీ’ అని పెట్టారు. నిర్వాహకుడు, అనుబంధం అన్నమాట. కొత్త మాటల మొదటి అక్షరాలు కూడా ఇంగ్లీషులో ఎం, ఎస్‌లే కావడం గమనించాలి. అందువల్ల పిటిఎస్ అనే ఫైలు పేరుగాని, ఆ పేర్లను నమ్ముకున్న ప్రోగ్రాములుగాని మారవలసిన పని లేకపోయింది.

దీని మీద రెండు వైపుల నుంచీ ఆక్షేపణలు వస్తాయి. మాట మార్చితే ఏ బానిసకు విముక్తి కలిగిందని కొందరంటారు. ఎవరికీ కలగలేదు, నిజమే. కాని మాటను అట్టిపెట్టితే మాత్రం ఎవరికి మేలు కలిగింది? పెద్ద అన్యాయం తీరలేదు గనక చిన్న అన్యాయాన్ని ముట్టుకోవద్దనే తర్కం, చివరికి రెండిటినీ కాపాడుతుంది. మరికొందరు దీన్ని కంటితుడుపు అంటారు. అక్షరం అలాగే వుండగా అర్థం మాత్రం మార్చడం మోసమంటారు. ఒప్పందాన్ని చెడగొట్టకుండా నొప్పిని తీసేసే మార్గం వున్నప్పుడు దాన్ని ఎన్నుకోవడంలో మోసమేమీ నాకు కనబడదు. నా భయం వేరే వుంది. ఇరవై ఏళ్ళ తర్వాత చదువుకునే పిల్లవాడికి ఆ ‘ఎస్’ అంటే అనుబంధమని మాత్రమే చెబుతారు. ఒక కాలపు ఇంజనీర్లకు బానిసత్వం అంత మామూలు పోలికగా తోచిందన్న సంగతి వాడికి తెలియదు. మార్చడం మంచి పనే. మార్చిన సంగతి దాచడం మంచి పని కాదు.

ఇదే న్యాయం పాటిస్తే మరో పేరును కూడా ప్రశ్నించాలి. ‘డంబ్ టెర్మినల్’ అనే మాట వుంది. తన సొంత బుద్ధి లేక, చెప్పింది చూపడం తప్ప మరేమీ చేయలేని టెర్మినల్ అని అర్థం. లియర్ సీగ్లర్ కంపెనీ 1976లో వచ్చిన తన ఎడిఎం-3ఎ అనే సరుకును ఆ పేరుతోనే ప్రకటించి అమ్ముకున్నది. టెర్మిన్‌ఫో పట్టికలో ‘డంబ్’ అనే జాతి ఈనాటికీ వుంది. ఇంగ్లీషులో ఆ మాటకు మూగ అని ఒక అర్థం, తెలివితక్కువ అని ఇంకో అర్థం. మాట రానివాడు తెలివిలేనివాడని ఒక సమాజం ఎంతోకాలం నమ్మబట్టే ఈ రెండర్థాలూ ఒకే మాటలో కలిశాయి. దీన్ని గురించి పెద్ద ఆందోళన రాలేదు. ఆందోళన చేయగల బలం ఎవరికుంటే వారి నొప్పే ముందు వినబడుతుందని దీనివల్ల తెలుస్తుంది.

ఇక మన భాష సంగతి. ఈ పేర్లన్నిటినీ తెలుగు చేసుకుంటే సరిపోదా అని మా అబ్బాయి లాంటివాళ్ళ కోసం బాధపడే మిత్రులు అంటారు. ఫైలు పేరుగా టిటివైని మార్చలేమని పైన చెప్పిన ఒప్పందం వల్లనే తెలుస్తుంది. పుస్తకాల్లో దానికి బదులుగా ఒక సంస్కృత సమాసం కూర్చి పెట్టవచ్చు. అప్పుడు కుర్రవాడికి అర్థం కాని పేర్లు ఒకటికి బదులు రెండవుతాయి. రైలూ, బస్సూ, స్టేషనూ పండితుల అనుమతి లేకుండానే తెలుగు మాటలయినాయి. జనం వాటిని ఎక్కి తిరిగారు కనకనే అయినాయి. టెర్మినల్ కూడా అలాగే తెలుగు మాట అవుతుంది. మాట ఏ భాషదన్నది అంత ముఖ్యం కాదు. దాని కథ మన భాషలో చెప్పారా లేదా అన్నదే ముఖ్యం. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం చేసిన పోరాటం సారాంశం కూడా ఇదేనని నా అభిప్రాయం: చదువు చదువుకునేవాడికి అందాలి.

అర్థం చెప్పకుండా వల్లె వేయించే మాటకు మన దేశంలో ఒక పేరుంది, దాన్ని మంత్రమంటారు. మంత్రానికి అర్థం అడగకూడదు, ఉచ్చారణ తప్పకూడదు, అధికారం కొందరికే వుంటుంది. సైన్సు వచ్చి ఈ ఏర్పాటును బద్దలు కొట్టిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. కాని సైన్సు నేర్పే తరగతి గదిలోనే ‘అది అంతే, రాసుకో’ అన్నప్పుడు, టిటివై కూడా మంత్రమే అవుతుంది. పట్నంలో ఇంగ్లీషు చదువు చదివినవాడికీ దాని అర్థం తెలియదు. ఐతే తెలియకపోవడం వాడికి అవమానంగా తోచదు. పల్లె నుంచి వచ్చినవాడు మాత్రం తెలియనిదంతా తన లోపమనుకుంటాడు. చెప్పకపోవడం అందరికీ ఒకే విధంగా నష్టం కలిగించదు.

కనక పేరు వట్టి గుర్తేనన్న వాదమూ నిలవలేదు, పాత పేర్లన్నీ పారేయాలన్న వాదమూ నిలవలేదు. టిటివై పాతదే గాని ఎవరినీ కించపరచదు. దాన్ని వుంచుకుని, కథ చెప్పాలి. బానిస అన్న మాట కించపరచింది. దాన్ని మార్చి, మార్చిన కథ చెప్పాలి. ఎక్స్‌టెర్మ్ పేరు అరువు తెచ్చుకున్నవాడికి తన పేరు చెప్పుకునే వీలు కల్పించాలి. ఏ సందర్భంలోనైనా, చెప్పకుండా వుండటాన్ని సమర్థించే కారణం నాకు దొరకలేదు.

మన తంతి వార్తల సేవ 2013 జులైలో ఆగిపోయింది. టెలిప్రింటర్లు అంతకు ముందే మూలపడ్డాయి. మా అబ్బాయికి ఆ యంత్రం ఎలా వుండేదో, దాని ముందు ఎవరు కూర్చునేవారో, కాగితం చుట్ట ఎలా కదిలేదో ఒక సాయంకాలమంతా చెప్పాను. విని, ‘ఇంతేనా?’ అన్నాడు. ఇంతే. తన ప్రోగ్రాముకు రాత్రిపూట టెర్మినల్ అక్కర లేకుండా ఎలా చేయాలో ఆ తర్వాత తనే కనుక్కున్నాడు. అందులో నేను చెప్పవలసింది ఏమీ లేకపోయింది.